వలపటి జాగ

వర్ని నుంచి వస్తానన్న మనిషి రాకపోతే బాగుండు. వచ్చినా దారిలో ఏ చుట్టమో తగిలి, ఇద్దరూ బీడీలు ముట్టించుకుని, మాటల్లో పడి పొద్దు నెత్తికెక్కితే, ఇంక ఈ ఎండకేం పోతాంలే అని వెనక్కి తిరిగిపోతే ఇంకా బాగుండు. హన్మవ్వ తన ఎద్దు మైలోడి కుడిపక్కన గడ్డి మీద చతికిలబడి, ఇట్లాంటి కోరికలే ఒకదాని వెనక ఒకటి కోరుకుంటూ కూర్చుంది. తెల్లవారి కూత వేసిన షక్కర్ ఫ్యాక్టరీ పొగ బోధన్ వైపు ఆకాశంలో అడ్డంగా సాగుతోంది. కొట్టంలో పశువులు ఒక్కొక్కటే లేచి ఒళ్లు విరుచుకుంటున్నాయి. మైలోడు మాత్రం లేవలేదు. తెలుపూ బూడిదా కలిసిన ఆ మైల ఒళ్లంతా సుఖంగా నేలకు వదిలేసి, ముందుకాళ్లు మడుచుకుని, కళ్లు సగం మూసుకుని తాపీగా నెమరేస్తున్నాడు. వాడి నిబ్బరం చూసి హన్మవ్వకు ఒళ్లు మండింది. నీకోసం నేనిక్కడ గుండె చేత పట్టుకుని కూర్చుంటే నీకు నెమరు కూడా ఆగదేందిరా అని మెడ మీద ఒక్కటి చరిచింది. చరిచిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఏళ్ల తరబడి కాడి ఒత్తుకుని కాయ కాసిన చోటు, ఇప్పుడు దాని మీద సన్నగా కొత్త వెంట్రుకలు మొలిచాయి. వేళ్లతో వాటిని అటూ ఇటూ దువ్వుతూ, సడక్ వైపు మాత్రం చూడకూడదని గట్టిగా అనుకుంది. అనుకుంటూనే చూసింది. సడక్ మీద ఎవరూ లేరు.

పొద్దెక్కేలోపు వచ్చేవాడి పేరు లింబయ్య. కాలువ కింద వరి చేసుకునే రైతు. వాడి జతలో ఒక ఎద్దు పోయిన వానాకాలం పాము కరిచి చచ్చిపోయిందట, మిగిలినదానికి జోడు కావాలట, మైలోడి సంగతి ఎవరో చెప్పారట. కొట్టం చూసుకునే రాజారాం చెప్పిన అటలు ఇవన్నీ. ఇవ్వడమా మానడమా అన్నది మాత్రం రాజారాం చేతిలో లేదు, హన్మవ్వ చేతిలో ఉంది. ఈ కొట్టం పెట్టిన ఆత్మారాం సేటు చేసిన కట్టుబాటు అది. సేటు బెల్లం వ్యాపారం చేసుకునే మరాఠీ మనిషి. నోరు విప్పితే సగం తెలుగు, సగం మరాఠీ, రెంటిలో ఏదీ పూర్తిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. చెరుకు బండ్లవాళ్లు కాలు విరిగిన ఎద్దునీ, మెడ పుండు పడ్డ ఎద్దునీ సడక్ పక్కన విడిచిపెట్టి పోతుంటే చూసి చూసి, ఒకరోజు బెల్లం గోదాము వెనకున్న తన జాగాలో గుంజలు పాతించాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు గానీ, సేటుకు నొప్పి పుట్టింది. ఆ తర్వాత ఊళ్లు కలిసొచ్చాయి. ఫ్యాక్టరీకి పోయే ప్రతి చెరుకు బండీ కొట్టం ముందు ఒక కట్ట చెరుకు కొసలు విసిరి పోతుంది. కోతలయ్యాక వరిగడ్డి వస్తుంది, పసుపు ఉడకబెట్టే రోజుల్లో నిజామాబాద్ అంగడి నుంచి పుండ్లకు అద్దడానికి పసుపు వస్తుంది. బాగుపడిన పశువును అమ్మరు. పనికి పెట్టుకునే రైతు వచ్చి అడిగితే ఇస్తారు. పైసా తీసుకోరు, మాట తీసుకుంటారు: ముసలిదై పని చెయ్యలేనినాడు అంగడికి తోలకుండా మళ్లీ ఇక్కడికే తేవాలి. పలుపు ఆ రైతే తెచ్చుకోవాలి. ఇక ఆ పశువును ఇన్నాళ్లు మేపిన మనిషి తన చేత్తో పిడికెడు పచ్చగడ్డి తీసి ఆ రైతు చేతిలో పెట్టాలి, అతను దాన్ని పశువుకు తినిపించాలి. మేపినవాళ్లు గడ్డి పెట్టకపోతే పశువు కొట్టం దాటదు, ఎందుకు పెట్టలేదని అడిగే హక్కు ఎవరికీ లేదు. పిల్లను అడగడానికి వచ్చినవాళ్ల దగ్గర కూడా ఆడదాని మాటకు ఇంత విలువ ఉండదని రాజారాం నవ్వేవాడు. ఈ మధ్య నవ్వడం మానేశాడు.

మానెయ్యక ఏం చేస్తాడు. మైలోడి కోసం ఇంతకుముందు ఇద్దరు వచ్చారు, ఇద్దరినీ హన్మవ్వ ఒట్టి చేతులతో పంపింది. మొదటాయన సిరికొండ మనిషి. గుట్టలూ రాళ్లూ ఉన్న నేల, విరిగి అతికిన కాలు అక్కడ ఆగదని చెప్పింది, అందులో న్యాయం ఉంది. రెండో ఆయన బోధన్ పక్కవాడే. మెత్తటి రేగడి నేల, పొలంలోనే బావి, చేతిలో ములుగర్ర కూడా లేదు. అయినా వద్దంది. ఎందుకమ్మా అంటే, 'ఎద్దు మొకం సూడకముందే తోక సూసిండు' అంది. రైతన్నవాడు తోక చూస్తాడు, గిట్ట చూస్తాడు, నోరు తెరిచి పళ్లు చూస్తాడు, చూడకపోతే వాడేం రైతు. కొట్టంలో పనిచేసేవాళ్లు ఆ మాట పట్టుకుని వారం పాటు ఒకరి తోక ఒకరు చూసుకున్నట్టు ఆడి నవ్వారు. హన్మవ్వ కూడా వాళ్లతో కలిసి నవ్వింది గానీ, లోపల సిగ్గుపడింది. నిన్న సాయంత్రం రాజారాం వచ్చి ఎదురుగా కూర్చుని, తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అతను తలపాగా తీశాడంటే కోపం వచ్చినట్టు కాదు, అలిసిపోయినట్టు.

"హన్మవ్వా, మాట నీదే. నేనేం జబర్దస్తి చేస్తలేను. గని ఒక్కసారి గేటు బయటికి పోయి సూసిరా."

చూడనవసరం లేదు, వినబడుతూనే ఉంది. రెంజల్ నుంచి ముత్తన్న అనే రైతు తన ఎద్దును బండి మీద వేసుకుని తెచ్చాడు. భుజం చీలి చీము పట్టింది, ఈగలు ముసురుతున్నాయి. గేటు బయట చింతచెట్టు నీడలో పడుకోబెట్టి, తువ్వాలుతో విసురుతూ కూర్చున్నాడు. లోపలికి తేవడానికి గుంజ ఖాళీ లేదు. గుంజలు ఎన్నో పశువులు అన్నే అన్నది కూడా సేటు పెట్టిన నియమమే. ఒక కరువు ఏడు జాలిపడి, వచ్చినదాన్నల్లా లోపలికి తోలుకుంటే, మేత చాలక బాగుపడినవి కూడా ఎముకలు తేలాయి. అప్పటి నుంచి ఒకటి పోతేనే ఇంకొకటి. ఈ సంగతి హన్మవ్వకు ఒకరు చెప్పాలా. బాగైన ఎద్దు నీడలో నెమరేస్తోంది, చావుబతుకుల ఎద్దు బయట మూలుగుతోంది, మధ్యలో గుంజ పట్టుకుని తను కూర్చుంది. అనుకుంటుండగానే గేటు అవతల నుంచి ఒక మూలుగు వచ్చింది, సగంలోనే ఆగిపోయింది. హన్మవ్వ చెవుల మీదికి కొంగు లాక్కుంది. కొంగు ఎన్ని మడతలు పెట్టినా ఆ చప్పుడు వినబడుతూనే ఉంది.

గాలి తిరిగింది. బోధన్ వైపు నుంచి మడ్డి వాసన వచ్చింది. చెరుకు రసం కాగి చక్కెర అయ్యాక అడుగున మిగిలే నల్లటి జిగురు అది. ఫ్యాక్టరీ పక్కన కొత్తగా కాపురం పెట్టినవాళ్లు ముక్కు మూసుకుంటారు. హన్మవ్వకు మాత్రం అది తన కాపురం వాసన. ఆ వాసన తగిలితే చాలు, నర్సన్న వచ్చేస్తాడు. నర్సన్న అని మనసులో అనుకోవచ్చు గానీ, పైకి అనడం లేదు. ఇన్నేళ్ల కాపురంలో మొగుడి పేరు ఆమె నోట రాలేదు, బిడ్డ పేరు కలిపి శంకరమ్మ బాపూ అనే పిలిచింది, మనిషి పోయి రెండేళ్లయినా ఆ అలవాటు పోలేదు. నయాపైసలు వచ్చిన కొత్తలో, అంగట్లో లెక్కలు తెలియక అందరూ అరుచుకుంటుంటే, నర్సన్న ఆ గలాటాలో నెమ్మదిగా రెండు కోడెదూడలను తోలుకుని ఇంటికొచ్చాడు. ఒకటి మైలది, ఒకటి నల్లటి కర్రెది. శంకరమ్మ చిన్నది అప్పటికి, రెంటి మధ్యలో దూరి రెండు చేతులతో రెంటి మెడలూ పట్టుకుంది. గొడ్డొచ్చిన వేళ బిడ్డొచ్చిన వేళ అని అత్త పసుపునీళ్లు చల్లింది. అత్త నోట మంచి మాట రావడం ఆ ఏడాదికి అదే మొదలు, అదే ఆఖరు. కాడి కట్టడం నేర్పేటప్పుడు నర్సన్న కర్రెన్నను కుడివైపు పెట్టాడు, మైలోడిని ఎడమవైపు. కుడివైపు నడిచేది వలపటెద్దు, ఎడమవైపుది దాపటెద్దు, చిన్నప్పుడు ఏ వైపు అలవాటు చేస్తే బతుకంతా ఆ వైపే. మార్చి కడితే ఎంత మంచి ఎద్దయినా అడుగు తడబడుతుంది. కర్రెన్నకు ఆత్రం, మైలోడికి నిదానం. ఒకడు లాగుతాడు, ఒకడు ఆపుతాడు, బండి మాత్రం తిన్నగా పోయేది. మనిద్దరి లెక్కనే అని నర్సన్న అనేవాడు. ఎవరు ఆత్రమో ఎవరు నిదానమో చెప్పేవాడు కాదు, అడిగితే మీసాల్లో నవ్వేవాడు.

ఆ మాట అన్నది ఇంట్లో కాదు, ఇంట్లో అనగలిగేవాడా. పగటిపూట అత్త ముందు మొగుడితో మాట్లాడాలంటే గోడకో, గొడ్డుకో చెప్పినట్టు చెప్పాలి. 'ఓ మైలా, అన్నం వండిన' అంటే ఆయన కాళ్లు కడుక్కుని వచ్చేవాడు. వాళ్లిద్దరూ మొగుడూపెళ్లాల లెక్క మాట్లాడుకున్నదంతా చెరుకు బండ్ల వరుసలోనే. చలికాలం, ఫ్యాక్టరీ గేటు ముందు బండి వెనక బండి, ఆ కొస నుంచి ఈ కొసకు కనిపించేది కాదు. ఒక్కోసారి తెల్లారి బారెడు జరిగితే మళ్లీ పొద్దుగూకే దాకా కదిలేది కాదు. మొగవాళ్లు విసుక్కునేవాళ్లు, తిట్టుకునేవాళ్లు. హన్మవ్వ మాత్రం వరుస కదలకపోతే బాగుండు అనుకునేది. మూడు రాళ్లు పెట్టి, ఎండిన చెరుకు ఆకు మంటేసి, జొన్నరొట్టెలు చేసేది. పక్క బండి మరాఠీ ఆమె పల్లీల పొడి పెట్టేది, ఈమె పచ్చిమిరపకాయ తొక్కు పెట్టేది, ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది, నవ్వు మాత్రం పూర్తిగా అర్థమయ్యేది. నర్సన్న చెరుకు గడ తీసి పళ్లతో పొట్టు ఒలిచి, ముక్కలు కొట్టి, ఒక్కొక్కటే ఆమె చేతిలో పెట్టేవాడు. ఊళ్లో ఆ పని చేస్తే పెండ్లానికి బానిస అని పాట కట్టేవాళ్లు. ఇక్కడ ఎవరు చూశారు. వెనక కర్రెన్నా మైలోడూ ఒకరి వీపు మీద ఒకరు మోర పెట్టుకుని నిలబడేవాళ్లు. ఎంత బాగుండేది. ఎంత బాగుండేదంటే, ఇప్పుడు తలుచుకుంటే నోట్లో నిజంగానే తీపి ఊరింది, గుటక వేసింది హన్మవ్వ. వేసి, మళ్లీ సడక్ వైపు చూసింది. దూరంగా ధూళి కనబడింది. వచ్చేశాడనుకుంది. కాదు, గొర్రెల మంద.

ఆ వరుసలోనే ఒక మాట తిరిగేది, మడ్డి తిన్న ఎద్దు ఏనుగునైనా లాగుతుందని. ఎవరు పుట్టించారో తెలియదు, అందరూ నమ్మారు. గడ్డికి కాస్త పూసి పెడితే ఎడ్లు నాలుక చప్పరించుకుంటూ తినేవి, తినడం చూస్తే బలం వచ్చినట్టే ఉండేది. ఆయన పోయిన ఏడు చెరుకు బాగా పండింది, బరువు ఎక్కువైంది, దారిలో కర్రెన్న రెండుసార్లు మోకాళ్ల మీద పడ్డాడు. నర్సన్నకు పాణం ఒప్పలేదు. ప్రేమతోనే చేశాడు, బొక్కెన నిండా మడ్డి తెచ్చి తవుడు కలిపి పెట్టాడు. నిదానస్థుడు మైలోడు వాసన చూసి, నాలుగు నాకులు నాకి తల తిప్పుకున్నాడు. ఆత్రగాడు వాడి వాటా కూడా తినేశాడు. మధ్యాహ్నానికి పొట్ట ఉబ్బింది. నూనె తాగించారు, పొట్ట రుద్దారు, తెలిసిన చిట్కాలన్నీ చేశారు. పొద్దుగూకేసరికి కర్రెన్న కాళ్లు చాపేశాడు. నర్సన్న వాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, ఏడవలేదు, వాడి చెవిలో ఏదో చెబుతూనే ఉన్నాడు. సరిగ్గా అప్పుడే వరుస కదిలింది. అన్ని రోజులు కదలని వరుస, గేటు కనబడేంత దగ్గరికి వచ్చాక కదిలింది. జాగ పోతే మళ్లీ చివరికి పోవాలి. ఉండు నర్సన్నా, మేం నెడతాం అని వెనక బండ్లవాళ్లు అంటూనే ఉన్నారు. ఆయన వినలేదు. లేచి తువ్వాలు మడిచి భుజం మీద వేసుకుని, కర్రెన్న ఉండాల్సిన చోట, కాడి కింద, వంగి నిలబడ్డాడు. ఎద్దు పక్కన మనిషి. వద్దని అరిచింది హన్మవ్వ, అరిచినట్టే గుర్తు, గొంతు లేచిందో లేదో. మైలోడు తల తిప్పి పక్కకు చూశాడు. చూసి అడుగు చిన్నది చేశాడు. మనిషి అడుగుకు సరిపోయేలా పొట్టి పొట్టి అడుగులు వేశాడు, ఇది ఎవరో చెప్పింది కాదు, ఆమె కళ్లారా చూసింది. గేటు దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు చక్రం గుంతలో దిగింది. కాడి మెలితిరిగింది. మైలోడి ముందుకాలు విరిగింది, కాడి కొస నర్సన్న రొమ్ముకు తగిలింది. వెనక నుంచి పదిమంది నెట్టి బండిని లోపలికి చేర్చారు. నర్సన్న ఆ చలికాలమంతా దగ్గి దగ్గి, హోళీ రాకముందే పోయాడు. పొయ్యేముందు కూడా ఆమె సంగతి అడగలేదు. మైలోని కాలెట్లున్నది అన్నాడు. అందుకు ఆమెకు ఈ నాటికీ కొంచెం కోపం.

ఆ కోపంతోనే మైలోడిని ఈ కొట్టానికి తెచ్చింది, ఆ కోపంతోనే ఇక్కడ ఉండిపోయింది. సేటు అప్పటికి బతికే ఉన్నాడు. ఎద్దుకు జాగ ఇస్త, నీకు పని ఇస్త అన్నాడు తన సగం తెలుగులో. ఎద్దును తెమ్మంటే ఎద్దుతో పాటు ఎద్దమ్మ కూడా వచ్చిందని అందరూ ఆట పట్టించారు. విరిగిన కాలికి వెదురు బద్దలు కట్టింది, పొట్ట కింద గోనెసంచి ఉయ్యాల వేసి ఎత్తి నిలబెట్టింది, పుండు కడిగింది, పసుపూ వేపనూనే పూసింది. పండుగ పూట అటుకులు తెచ్చి పెడితే, ఎద్దేమెరుగు అటుకుల రుచి అని రాజారాం ఎగతాళి చేశాడు. మా ఎద్దు ఎరుగు పో అంది. బిడ్డ శంకరమ్మ నిజామాబాద్ నుంచి మూడుసార్లు వచ్చి, మా ఇంటికి రా అవ్వా అని చెయ్యి పట్టుకుని లాగింది. అల్లుడు రైసుమిల్లులో పనిచేస్తాడు, మంచివాడే. దీని కాలు బాగు కానీ అంది హన్మవ్వ. కాలు బాగైంది. కొంచెం ఎగరేస్తూ నడుస్తాడు గానీ నడుస్తాడు, దున్నుతాడు కూడా. అయినా పోలేదు. ఎందుకు పోలేదో బిడ్డకు చెప్పలేకపోయింది. ఎట్లా చెప్తుంది. మైలోడు గుంజకు ఎప్పుడూ ఎడమకే జరిగి నిలబడతాడు, పడుకున్నా కుడిపక్క ఒక మనిషి పట్టేంత జాగ వదిలి పడుకుంటాడు. ఉండి ఉండి ఆ వైపు తల తిప్పి, ముక్కు చాపి, గాలి పీల్చి చూస్తాడు. ఆఖరుసారి ఆ పక్క నిలబడింది ఎవరు? కర్రెన్న కాదు, ఆయన. ఈ లోకంలో ఆయన కోసం జాగ ఆపి పెట్టింది బిడ్డ కాదు, ఊరు కాదు, ఈ ఎద్దు. రోజూ పని అయ్యాక ఆ జాగలో వచ్చి కూర్చుంటే, ఆయన పక్కన కూర్చున్నట్టే ఉంటుంది హన్మవ్వకు. పిచ్చి అనుకున్నా సరే. వీడు పోతే ఆ జాగ ఎక్కడుంటుంది? గేటు బయట రెంజల్ ఎద్దు మూలుగుతోంది, నిజమే, దాని నొప్పి నొప్పి కాదనలేదు. ఒక్క గుంజ. ఒక్క గుంజ కూడా తనకు దక్కకూడదా. ఈసారి వంక దొరక్కపోయినా వద్దంటుంది. అడిగే హక్కు ఎవరికీ లేదు కదా.

"దండం అవ్వా. వర్ని నుంచి వచ్చిన. లింబయ్య అంటరు."

సడక్ వైపే చూస్తూ కూర్చుంటే, మనిషి వెనక పొలాల గట్టు మీదుగా వచ్చి నిలబడ్డాడు. ముప్పై ఏళ్లుంటాయి. కాళ్లు మోకాళ్ల దాకా దుమ్ము. భుజం మీద కొత్త పలుపు. పక్కన ఎర్రటి ఎద్దు. హన్మవ్వ ముందు చేతులు చూసింది, ములుగర్ర లేదు. ఎద్దు మెడ చూసింది, పుండు మచ్చ లేదు. వీపు మీద వాత లేదు, ముక్కుతాడు దగ్గర కోత లేదు. వంక దొరకలేదు. వంక దొరకని మనిషి మీద వచ్చే కోపం మామూలు కోపం కాదు.

"దీని కాలు కుంటిది, ఎరికేనా? గంత దూరం నడిపిస్తవా దీన్ని?"

"ఎరికే అవ్వా. ఆగుకుంట ఆగుకుంట పోతం. బోధన్ల మా మేనత్త ఇల్లున్నది, ఇయ్యాల ఆడ పండుకుంటం. నాట్లకు ఇంక శానా దినాలున్నయి, తొందరేం లేదు."

"అంగట్ల పడుసు ఎడ్లు లేవా? కుంటెద్దెందుకు నీకు?"

లింబయ్య ఎర్రెద్దు వీపు మీద చెయ్యి వేశాడు. 

"పడుసుదాన్ని తెచ్చి కట్టి సూసిన. దానికి తొందరెక్కువ, ఇది దాంతోని నడువలే. జోడు పోయిన కాడికెంచి ఇది సగమే మేస్తున్నదవ్వా. కుడితి ముట్టది. కొట్టంల ఎడమదిక్కే జాగ ఇడిసి నిలవడుతది, గా జాగ దిక్కే సూస్కుంట ఉంటది. నాకు సూడబుద్ధి అయితలేదు."

హన్మవ్వ తను కూర్చున్న జాగ వైపు చూసుకుంది. మాది ఎద్దు జోడు కాదు, మాది వేరే కథ అని చెప్పాలనుకుంది. చెబితే మొగుడి పేరు ఎత్తాలి. 

"జర లేస్తవా అవ్వా? మాది ఎలపటెద్దు. గా పక్కకే నిలవడుతది."

ఎన్నాళ్లుగానో ఆ జాగలో కూర్చుంటోంది, లెమ్మని అడిగినవాళ్లు లేరు. గుంజ పట్టుకుని లేచింది. మోకాళ్లు పట్టేశాయి, చీరకు గడ్డిపరకలు అంటుకున్నాయి, దులుపుకోలేదు. రెండడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకుంది. ఎర్రెద్దు ఎవరూ తోలకుండానే వచ్చి మైలోడి కుడిపక్క నిలబడింది. మైలోడి నెమరు ఆగింది. దవడ అట్లాగే ఒక పక్కకు ఉండిపోయింది. ముక్కు చాపి ఎర్రెద్దు మోకాలు వాసన చూశాడు, రొమ్ము వాసన చూశాడు. తర్వాత వెనక కాళ్లు ముందు లేపి, ముందుకాళ్ల మీద బరువు వేసి లేచాడు. కుంటికాలు ఒక్కసారి వణికి నిలదొక్కుకుంది. ఎర్రెద్దుకు భుజం భుజం కలిసేదాకా జరిగాడు. జరిగి, మెడ వంచాడు. పక్కన ఎర్రెద్దు కూడా మెడ వంచింది. ఎవరూ కాడి తేలేదు, అదిలించలేదు. మీద లేని కాడి కోసం రెండు ఎడ్లూ మెడలు వంచుకుని, ఎప్పటి నుంచో కలిసి నడిచినవాటిలా నిలబడ్డాయి. రాజారాం ఎప్పుడు వచ్చాడో, గోడ పక్కన నిలబడి తలపాగా సర్దుకుంటున్నాడు. 

హన్మవ్వ చూస్తూ ఉండిపోయింది. వీడు ఇన్నాళ్లూ ఆయన కోసం జాగ ఆపలేదు. కర్రెన్న కోసం కూడా కాదేమో. పక్కన నడిచే తోడు కోసం ఆపాడు. తోడు వచ్చింది, మెడ వంచాడు. ఎద్దు చెయ్యాల్సిన పని ఎద్దు చేసింది, అందులో తప్పేముంది. ఆయన కోసం ఎదురు చూసింది తనొక్కతే. రోజూ వచ్చి ఈ జాగలో కూర్చుని, పోయినాయన కోసం ఎదురుచూస్తూ, ఆ ఎదురుచూపు ఎద్దు నెత్తిన పెట్టింది. అది తెలిశాక నవ్వొచ్చింది. పోయాడు కదా ఆయన. నిజంగానే పోయాడు. రెండేళ్ల తర్వాత, ఈ పొద్దున, కొట్టంలో నిలబడి మొగుడు పోయాడని ఆమెకు అర్థమైంది.

కట్ట విప్పి పచ్చగడ్డి తీసింది. పిడికెడు అంటే పిడికెడే తియ్యాలి, ఆమె చేతికి రెండు పిడికెళ్లు వచ్చాయి. లింబయ్య చేతిలో పెట్టింది. వేళ్లు వెంటనే విడిపోలేదు, అతను తొందరపడలేదు.

"ఎండల నడిపియ్యకు బిడ్డా. కుంటికాలు రాళ్ల మీద పడకుండ సూడు. ఎవలు చెప్పినా మడ్డి మాత్రం పెట్టకు. ముసలిదైతే…"

"నీ కాడికే తెస్త అవ్వా. నువ్వు ఈడనే ఉంటవు గద?"

హన్మవ్వ వేళ్లు గడ్డిని వదిలాయి. లింబయ్య గడ్డి తినిపించాడు, పాత పలుపు విప్పి గుంజకే వదిలేసి, కొత్త పలుపు వేశాడు. చల్ రా అన్నాడు, అంతే, గొంతు కూడా ఎత్తలేదు. మైలోడు కదిలాడు. ఎర్రెద్దు పక్కన, ఎడమవైపు, కాలు కొంచెం ఎగరేస్తూ. ఎర్రెద్దు వాడి కోసం అడుగు చిన్నది చేసుకుంది. గేటు దాటారు, చింతచెట్టు దాటారు, బోధన్ వైపు తిరిగారు. మైలోడు వెనక్కి తిరిగి చూడలేదు. చూడకపోవడమే మంచిది అనుకుంది హన్మవ్వ. అనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, నర్సన్న పోయిన నాడు కూడా ఏడవనంత ఏడ్చింది. రాజారాం అటు తిరిగి నిలబడ్డాడు. ఆమె ఏడుపు అయ్యేదాకా అటే తిరిగి ఉన్నాడు.

బండి చక్రాలు కిర్రుమన్నాయి. రెంజల్ ముత్తన్న బండిని గేటులోంచి లోపలికి తెచ్చాడు. నిద్రలేని కళ్లు, గడ్డం మాసి ఉంది. బండిలో ఎద్దు తల ఎత్తలేక కళ్లు మాత్రం తిప్పింది. అతను ఎవరిని అడగాలో తెలియక నలుగురినీ చూసి, చివరికి చీరకు గడ్డి అంటుకుని ఉన్న ఈమెను అడిగాడు.

"అవ్వా, ఏడ కట్టాలె?"

హన్మవ్వ మొహం తుడుచుకుంది. మైలోడు పడుకున్న చోట గడ్డి ఇంకా వెచ్చగానే ఉంది. కాలితో సమంగా పరిచింది, కుడిపక్క దాకా పరిచింది.

"గీడనే బిడ్డా. ఇప్పుడే ఖాళీ అయ్యింది."